సూరి పుట్టిన తేదీ

బర్మాలో యాంగోన్ ఫుట్‌బాల్ క్లబ్బుల వాళ్లకి ఏ కుర్రాడి గురించైనా ఉన్నది ఉన్నట్టు తెలియాలంటే, లమ్మడా పేటలో ధర్మరాజు గారి పప్పుల దుకాణానికి వచ్చి ఢిల్లేశ్వరరావుని అడిగేవారు. అతను ఏ క్లబ్బులోనూ ఉద్యోగి కాడు. దుకాణంలో కాటా దగ్గర మనిషి. మినుముల బస్తాలు కాటా మీదికి ఎక్కించడం, దింపించడం, తూకం గట్టిగా చదివి చెప్పడం అతని పని. తాత బారువా వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బియ్యం మూటలు మోశాడు. తండ్రి బతుకూ రేవులోనే గడిచింది. ఢిల్లేశ్వరరావు రేవు జట్టులో పన్నెండేళ్లు వెనక వరసలో ఆడి, మోకాలు చెడిపోయాక ఆట మానేసి, ఆడేవాళ్లని చూడటం అలవాటు చేసుకున్నాడు. ఇప్పుడతనికి యాభై ఏడేళ్లు. తెలుగువాళ్లకి డిల్లీ, బర్మావాళ్లకి మర్యాదగా ఊ డిల్లీ.

అతను చూసే పద్ధతి వేరు. ఒక్క ఆట చూసి ఎవణ్ణీ మెచ్చుకోడు. మూడు చూస్తాడు. అందులో ఒకటైనా వానలో, బురదలో ఆడినదై ఉండాలి. ఆట అయ్యాక కోచ్ దగ్గరికి పోకుండా ఎదుటి జట్టువాడి దగ్గరికి పోయి, ఆ కుర్రాణ్ణి ఆపడానికి నువ్వేం చేశావని అడుగుతాడు. ఆ తర్వాత కుర్రాడి ఇంటికి వెళ్తాడు. అరుగు మీద కూర్చుని టీ తాగుతూ, వీడికి చిన్నప్పుడు ఏం జబ్బులు చేశాయి, పొద్దున్నే లేస్తాడా, తిట్టినప్పుడు ఏడుస్తాడా అలుగుతాడా అని తల్లిని అడుగుతాడు. అన్నిటికన్నా ముఖ్యంగా వయసు. కాగితాల్లో వయసు ఎలాగైనా వేయించుకోవచ్చు. అందుకని అతను జాతా అడుగుతాడు. బర్మావాళ్ల ఇళ్లలో, వాళ్లని చూసి మనవాళ్ల ఇళ్లలో కూడా, బిడ్డ పుట్టగానే తాటాకు మీద గీయించుకునే జాతకం అది. పెళ్లికీ జబ్బుకీ ప్రయాణానికీ చూపించుకునే ఆ ఆకులో బిడ్డ పుట్టిన తేదీ తప్పు వేయించే తల్లి ఉండదు.

ఇలా కనుక్కున్నదంతా నల్లట్ట పుస్తకంలో బర్మీస్‌లో రాసుకునేవాడు. ఇరవై ఏళ్లలో ఒక్క అబద్ధం రాయలేదు. అది అతని గర్వం. భార్య మణిమాల, "నీకు పుస్తకమే పిల్లాజెల్లా" అని దెప్పేది. వాళ్లకి పిల్లలు లేరు.

ఏటా వానలు వెనకపట్టాక క్లబ్బులన్నీ ఒక హోటలు హాల్లో కూర్చుని, చీటీలేసుకుని, వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకుంటాయి. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లది ఒక జాబితా, పైవాళ్లది ఒకటి. లోపు జాబితాలో వాణ్ణి తీసుకుంటే క్లబ్బు మూడేళ్లు అన్నం పెట్టి తయారుచేస్తుంది. పై జాబితాలో వాడు రేపే మైదానంలో దిగగలిగితేనే తీసుకుంటుంది. ఇంతకుముందు ఈ తేడా ఆటకి సంబంధించిందే. కానీ ఆ యేడు దేశంలో పద్దెనిమిది నిండిన మగపిల్లల్ని సైన్యంలోకి పిలవడం మొదలైంది. వార్డు ఆఫీసుల్లో జాబితాలు తయారవుతున్నాయి. తాకేటా పేటలో సాయంత్రం పూట వీధిలో నిలబడే కుర్రాళ్లు తగ్గిపోయారు.

ఆ రోజుల్లోనే ఢిల్లేశ్వరరావు సూరిని చూశాడు.

తాకేటాలో మార్కెట్ వెనక మైదానం. ఎడమ అంచున ఆడుతున్నాడు సూరి. సన్నగా, పొడుగ్గా, మోచేతులు బయటికి పెట్టి పరిగెత్తుతున్నాడు. బంతి కాలి దగ్గరికి రాగానే తల పైకెత్తి ఎదుటివాణ్ణి చూసేవాడు. వాడు ఒక కాలి మీద బరువు వేసేదాకా ఆగేవాడు. వేసిన క్షణంలో రెండో వైపు నుంచి వెళ్లిపోయేవాడు. హడావిడి లేదు. ఢిల్లేశ్వరరావు గొడుగు పట్టుకుని గీత పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఇలాంటివాణ్ణి ఇరవై ఏళ్లలో ఇంకొకణ్ణే చూశాడు.

మూడు ఆటలూ చూశాడు. మూడో దాంట్లో, గంట గడిచాక, సూరి ఎవరూ చూడకుండా వంగి ఎడమ చీలమండ రాసుకోవడం కనిపెట్టాడు. ఆ మర్నాడు ఇంటికి వెళ్లాడు.

సూరి తండ్రి దేముడు రేవులో పనిచేస్తూ గుండెపోటుతో పోయి ఆరేళ్లయింది. తల్లి చిన్నమ్మి రొయ్యల కోల్డ్ స్టోరేజీలో తలలు తీసే పనికి వెళ్తుంది. రోజంతా ఐసు నీళ్లలో నాని ఆమె వేళ్లు తెల్లగా ముడతలుపడి ఉంటాయి. చెల్లెలు రాధ కుట్టు నేర్చుకుంటోంది. రేకుల ఇల్లు. చిన్నమ్మి టీ ఇచ్చింది, పీట వేసింది, అడిగినవన్నీ చెప్పింది. రెండేళ్ల క్రితం కదిలే బస్సులోంచి దూకి వాడు కాలు విరగ్గొట్టుకున్నదీ, కట్టు కట్టించినదీ చెప్పింది. జాతా అడిగేసరికి మాత్రం ముందు ఇంట్లోవాళ్ల పేర్లూ తేదీలూ ఉండే కుటుంబ పట్టీ తెచ్చి చూపించింది. తర్వాత ట్రంకుపెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన తాటాకు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

అతను దాన్ని కుటుంబ పట్టీతో పక్కపక్కన పెట్టి చూశాడు. వార్డు ముద్ర వేసిన పట్టీలో సూరి పుట్టింది రెండువేల ఏడు ఆగస్టు పద్నాలుగు. తాటాకులో రెండువేల ఆరు.

"తుపాన్లో పాత కాయితాలన్నీ కొట్టుకుపోనాయి అన్నియ్యా," అంది చిన్నమ్మి. "తరవాత కొత్త పట్టీ రాసినోడు ఒక యేడు తగ్గించి ఏసినాడు. నాను అప్పుడు సూసుకోనేదు. ఇప్పుడు సూసుకుంటే దేవుడే ఆడి సేత అలగ రాయించినాడనిపిత్తంది. పట్టీలో ఏటుందో నువ్వూ అదే రాసీ."

"పదిహేడని ఎలగ రాస్తానే? ఆడికి పద్దెనిమిది నిండిపోనాయి కదేటి."

"వార్డులో పిలుపులొత్తన్నాయి. పక్క ఈదిలో ఇద్దర్ని తీసుకెల్లిపోనారు. పదిహేడుంటే ఇంకో యేడు ఊపిరి ఆడతాది."

"నా పుస్తకం వార్డోళ్లు సూడరు చిన్నమ్మీ. ఇది ఆట కాయితం. నానొక అబద్దం రాసి నీ కొడుకుని లోపు జాబితాలో పెట్టించినానంటే, నిజంగా పదిహేడేళ్లోడు ఎవుడో ఒకడు పోతాడు. ఆడికీ ఒక తల్లుంటాది."

గుమ్మం పక్కన నిలబడి వింటున్న సూరి, "పోనీలే అమ్మా, నాను పై జాబితాలోనైనా ఆడగలను," అన్నాడు.

"క్లబ్బోళ్లు తప్ప ఇంకెవులూ సూడరు కదా?" అంది ఆమె చివరికి.

"ఎవులూ సూడరు."

ఢిల్లేశ్వరరావు ఆ తేదీ రాసుకున్నాడు. కింద ఇలా రాశాడు: ఎడమ చీలమండ పాత విరుపు. అరవై నిమిషాలు ఆపకుండా పరిగెత్తగలడు. తర్వాత వాస్తుంది. జాగ్రత్తగా చూసుకుంటే రెండేళ్లలో ఈ ఊళ్లో ఇతన్ని మించినవాడు ఉండడు.

ఆ యేడు అతను మొత్తం నలభై ముగ్గురి గురించి రాశాడు. ఆ కాగితాలు తీసుకోవడానికి రాంబాబు వచ్చాడు. పదిహేనేళ్ల క్రితం రాంబాబుని ఎంపిక చేయించిందీ ఢిల్లేశ్వరరావే. నాలుగేళ్లు ఆడి, ఇప్పుడు ఒక క్లబ్బు ఆఫీసులో పనిచేస్తున్నాడు. ఈసారి కాగితాలు చాలవని, పుస్తకమే కావాలని అన్నాడు. అందరి ఇళ్ల చిరునామాలూ ఫోన్ నంబర్లూ తేదీలూ కంప్యూటర్‌లో ఎక్కిస్తారట.

"క్లబ్బులన్నిటికీ ఒకటే జాబితా మావా. పైన నీ పేరుంటాది."

తన పేరు ఉంటుందన్న మాట ఢిల్లేశ్వరరావుకి నచ్చింది. పుస్తకం ఇచ్చాడు. వారానికి తిరిగి తెచ్చిచ్చారు.

ఎంపిక రోజున హాలు వెనక వరసలో కూర్చున్నాడు. నలభై ముగ్గురిలో పదకొండు మందిని తీసుకున్నారు. సూరి పేరు రెండుసార్లు చర్చకి వచ్చింది. చీలమండ అన్నారు ఒకళ్లు. ఇప్పుడే ఆడలేడుగా అన్నారు ఇంకొకళ్లు. పేరు పక్కన గీత గీసేశారు. వచ్చే యేడు చూద్దామని సూరికి చెప్పడానికి ఢిల్లేశ్వరరావు తాకేటా బస్సెక్కాడు. సూరి నవ్వి, సరే మావా అన్నాడు.

ఇరవై రోజుల తర్వాత, పొద్దున్న పదింటికి, ఢిల్లేశ్వరరావు కాటా మీద బస్తా పెట్టించి అంకె చదవబోతుంటే చిన్నమ్మి దుకాణంలోకి వచ్చింది. కోల్డ్ స్టోరేజీ రబ్బరు బూట్లతోనే వచ్చింది. చేతిలో వార్డు ఆఫీసు కాగితం ఉంది. దాన్ని అతని కళ్ల ముందు పట్టుకుంది.

"సదువు."

అతను చదివాడు. వైద్య పరీక్షకి హాజరుకమ్మని సూరికి పిలుపు. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు. పుట్టిన తేదీ రెండువేల ఆరు, ఆగస్టు పద్నాలుగు.

"ఈ తేదీ లోకంలో రెండే సోట్ల ఉంది అన్నియ్యా," అంది చిన్నమ్మి. "ఒకటి నా పెట్టిలో. నా పెట్టి ఎవులూ తెరవనేదు."

కూలీలు బస్తా దింపకుండా నిలబడిపోయారు. గల్లా దగ్గర ధర్మరాజు గారు కళ్లజోడు తీశారు. ఆమె గొంతు పెంచలేదు. కాగితం మడిచి రవిక లోపల పెట్టుకుని, "పనికి ఆలీసమౌతాది," అని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అతను రాంబాబుని ఆఫీసు ఎదురుగా ఉన్న టీ దుకాణానికి పిలిపించాడు. రాంబాబు పొట్టి స్టూలు మీద కూర్చుని, టీ కప్పు ముట్టుకోకుండా తల దించుకున్నాడు.

"ఎవులికిచ్చినావురా నా పుస్తకం?"

"నానివ్వనేదు మావా. మిలట్రీ వోళ్లు క్లబ్బుల యజమానుల్ని పిలిపించినారు. మీరు తీసుకున్న కుర్రాళ్లని ముట్టుకోం, మిగతా వోళ్ల పేర్లియ్యండి అన్నారట. ఇవ్వకపోతే జట్లకి జట్లే ఎత్తుకెల్లిపోతారు. పదకొండు మందిని కాపాడుకోడానికి..."

"మిగతా ముప్పై రెండు మందినీ ఇచ్చీసినారా?"

"ఎవులో ఒకలు ఎల్లాల కదా మావా. ఆళ్లకి లెక్క కావాల." రాంబాబు గొంతు తగ్గించాడు. "వార్డు పట్టీల్లో సగం తప్పులే. ఉన్నోళ్లు నేనట్టు, నేనోళ్లు ఉన్నట్టు. నీ జాబితా సూసి ఆ ఆఫీసరు, ఇంత శుద్దంగా రాసినోడెవుడని అడిగినాడట."

ఢిల్లేశ్వరరావు లేచాడు. రెండు టీల డబ్బూ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి పనికి సెలవు పెట్టాడు. మణిమాల చెయ్యి పట్టుకుని ఆపబోయింది. "ఊరూ వాడా తిరిగి సెప్తే ముందు నిన్నే పట్టుకుంటారు," అంది. "పట్టుకోనీ," అన్నాడు. పుస్తకంలో చిరునామాలన్నీ ఉన్నాయి. ముప్పై రెండు ఇళ్లు. తాకేటాలో సందు సందూ తిరిగాడు. ఫెర్రీ మీద నది దాటి, దలా మీదుగా ట్వంటే వైపు పల్లెలకి వెళ్లాడు. ప్రతి గుమ్మంలోనూ అదే మాట చెప్పాడు: మీవాడి పేరు వార్డు వాళ్ల దగ్గరుంది, సరైన తేదీతో ఉంది, నా వల్లనే వెళ్లింది, కాగితం రాకముందే ఏదో ఒకటి చూసుకోండి.

తొమ్మిది ఇళ్లకి అప్పటికే కాగితాలు వచ్చేశాయి. ఒకచోట కుర్రాడి తండ్రి మాట పూర్తి కాకుండానే చెప్పు తీసి చెంప మీద కొట్టాడు. ఇంకోచోట చెవుడున్న ముసలమ్మ, మనవణ్ణి క్లబ్బు తీసుకుందని చెప్పడానికి వచ్చాడనుకుని సంబరంగా అరటిపండ్లు తెచ్చి పెట్టింది. ఆమెకి అర్థమయ్యేలా చెప్పడానికి పక్కింటివాళ్లని పిలవాల్సి వచ్చింది. కొందరు ఆ వారంలోనే సరిహద్దు వైపు బస్సెక్కారు. ఇద్దరు గుండు కొట్టించుకుని బౌద్ధ విహారంలో చేరారు. ఒకడు మేనమామ చేపల పడవలో సముద్రం మీదికి వెళ్లాడు. మిగతావాళ్ల సంగతి అతనికి తెలియలేదు, ఎవరూ చెప్పలేదు.

చివరికి చిన్నమ్మి ఇంటికి వెళ్లాడు. అక్కడికి వెళ్లడానికే అతనికి ఎక్కువ రోజులు పట్టింది.

"ఆడి కాలుంది కదా చిన్నమ్మీ," అన్నాడు గుమ్మం బయటే నిలబడి. "విరిగిన కాలు. నానే సాచ్చీకం. నా పుస్తకంలో రాసుంది. డాకటరుకి సూపిద్దాం. ఒగ్గేత్తారు."

ఆమె ఒప్పుకుంది. ఇంకో దారి లేదు కాబట్టి ఒప్పుకుంది.

వైద్య పరీక్ష ఒక బడి హాల్లో జరిగింది. కుర్రాళ్లు చొక్కాలు విప్పి వరసలో నిలబడ్డారు. తల్లులు కిటికీల బయట నిలబడ్డారు. ఢిల్లేశ్వరరావు పుస్తకం చంకలో పెట్టుకుని సూరి వెంట లోపలికి వెళ్లాడు. డాక్టరు కళ్ల కింద నల్లగా ఉంది, ఎన్నాళ్లుగానో నిద్రలేనట్టుంది. సూరి చీలమండ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఢిల్లేశ్వరరావు బర్మీస్‌లో చెప్పడం మొదలుపెట్టాడు. ఇది పాత విరుపనీ, పరిగెడితే వాస్తుందనీ, తాను స్వయంగా చూసి రాశాననీ. డాక్టరు పుస్తకం అందుకుని ఆ పేజీ చదివాడు.

"ఇది మీరే రాశారా?"

"అవునండి."

"అరవై నిమిషాలు ఆపకుండా పరిగెత్తగలడు అని ఉంది."

"ఆ తర్వాత వాస్తుందని కూడా ఉంది."

"అరవై నిమిషాలు ఎవరూ పరిగెత్తించరు. నడిస్తే చాలు." పుస్తకం తిరిగి ఇచ్చి, ఎదురుగా ఉన్న కాగితం మీద ముద్ర కొట్టాడు. "తర్వాత."

పారిపొమ్మని సూరికి చెప్పింది ఢిల్లేశ్వరరావే. బడి గేటు బయట, చిన్నమ్మి వినకుండా, గొంతు తగ్గించి చెప్పాడు. సరిహద్దులో తనకి తెలిసినవాళ్లున్నారని, దారి ఖర్చులు తాను చూసుకుంటానని చెప్పాడు.

"అమ్మని తీసుకెల్లి కూకోబెడతారు మావా," అన్నాడు సూరి. "కాల్వ పక్కన ఒకడు పారిపోతే ఆళ్లమ్మని నెల్లాళ్లు ఒగ్గనేదు. రాధ ఒక్కతీ ఏటి సేస్తాది? నాను ఎల్తాను."

అతని చంకలోని పుస్తకం చూపిస్తూ అడిగాడు. "పుస్తకంలో నా గురించి ఇంకేటి రాసినావు?"

ఢిల్లేశ్వరరావు పేజీ తెరిచి చూపించాడు. సూరికి చదవడం అంతగా రాదు. అతనే చదివి వినిపించాడు. రెండేళ్లలో ఈ ఊళ్లో ఇతన్ని మించినవాడు ఉండడు అన్నచోట సూరి తల తిప్పుకున్నాడు. వంగి చీలమండ తట్టి, "గంట తరవాత వాత్తాదని ఎలగ కనిపెట్టినావు? అమ్మకే తెల్దు," అని నవ్వాడు.

మూడో రోజు పొద్దున్న వ్యాన్ వచ్చింది. సూరితో పాటు ఆ వార్డు నుంచి ఇంకా ఆరుగురు ఎక్కారు.

ఆ తర్వాత ఢిల్లేశ్వరరావు ఒక ఆదివారం మార్కెట్ వెనక మైదానానికి వెళ్లాడు. ఎందుకు వెళ్లాడో అతనికే తెలియదు. కాళ్లకి అలవాటైన దారి. చిన్నపిల్లలు, పద్నాలుగు పదిహేనేళ్లవాళ్లు ఆడుతున్నారు. గీత పక్కన అతని గొడుగు కనపడగానే ఒకడు బంతి చేతిలోకి తీసుకున్నాడు. ఇంకొకడేదో అన్నాడు. చూస్తుండగానే పిల్లలంతా చెప్పులు తీసుకుని సందుల్లోకి వెళ్లిపోయారు. గోలుకీపరు మాత్రం గోడ మీద ఆరేసిన చొక్కా మర్చిపోయి, వెనక్కి వచ్చి, అతన్ని చూడకుండా తీసుకుని పరిగెత్తాడు. అతను మళ్లీ ఏ మైదానానికీ వెళ్లలేదు.

శిక్షణ అయ్యేదాకా సూరి పదిహేను రోజులకోసారి తల్లికి ఫోన్ చేసేవాడు. అన్నం బాగానే పెడుతున్నారనేవాడు, కాలు బాగానే ఉందనేవాడు. వేసవి మొదట్లో ఎక్కడికో పంపుతున్నారని చెప్పాడు. ఎక్కడికో చెప్పలేదు. ఆ తర్వాత ఫోన్ రాలేదు. ఒక నెల, రెండు నెలలు. వార్డు ఆఫీసులో అడిగితే వాళ్లు పేరు రాసుకుని, తెలియజేస్తామన్నారు.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం చిన్నమ్మి ఢిల్లేశ్వరరావు ఇంటికి వచ్చింది. మణిమాల పీట వేసింది కానీ ఆమె కూర్చోలేదు.

"ఊళ్లో అందరి పిల్లల గురించీ కనుక్కున్నావు," అంది అతనితో. "ఇప్పుడు నా గుంటడు ఎక్కడున్నాడో కనుక్కో."

అతను కనుక్కోవడం మొదలుపెట్టాడు. పని అయ్యాక, ఆదివారాలు, ఆసుపత్రి గేట్ల దగ్గర నిలబడేవాడు. పై ఊళ్లకి వెళ్లే బస్సు డ్రైవర్లని అడిగేవాడు. కొడుకులు వెళ్లిన మిగతా ఇళ్లలో అడిగేవాడు. చాలామంది తలుపు వేసేసేవారు. చెప్పినవాళ్ల మాటలు ఒకదానితో ఒకటి పొసిగేవి కావు. మాగ్వే దగ్గర చూశామని ఒకరు, లేదు, రఖైన్ వైపు పంపారని ఇంకొకరు. ఒకడు సూరి ఫొటో చూసి, నేను వాడి పక్కనే పడుకునేవాణ్ణి అన్నాడు. ఏ కాలితో ఆడతాడని అడిగితే కుడికాలన్నాడు. ఢిల్లేశ్వరరావు వాడికి దణ్ణం పెట్టి వచ్చేశాడు.

సెప్టెంబరులో ఒక బస్సు కండక్టరు చెప్పాడు. ట్వంటే దగ్గర కుండలు చేసే పల్లెలో కో తెయిన్ అనే అతను కాలు పోయి తిరిగొచ్చాడని, అతను ఉన్న చోట యాంగోన్ కుర్రాళ్లు ఉండేవారని. ఢిల్లేశ్వరరావు ఫెర్రీ దాటి, మోటారు సైకిలు మీద ఆ ఊరు వెళ్లాడు. కో తెయిన్ పాక ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఎడమ కాలు మోకాలి కింద లేదు. అతని భార్య సారె ముందు కూర్చుని కుండ చేస్తోంది.

ఫొటో చూడగానే కో తెయిన్, "ఎడమకాలి వాడు," అన్నాడు. "ఖాళీ దొరికితే గుడ్డలు చుట్టి బంతి చేసి ఆడించేవాడు మమ్మల్ని."

ఢిల్లేశ్వరరావు పుస్తకం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎప్పుడు, ఎక్కడ, ఎంతమంది అని వరసగా అడిగాడు. చెప్పినది చెప్పినట్టు రాసుకున్నాడు. మే నెలలో ఒక వాగు దాటాలి. వాడి బృందాన్ని ముందు పంపారు. కాల్పులు జరిగాయి. ఆ తర్వాత నేను చూడలేదు, అన్నాడు కో తెయిన్.

"తిరిగొచ్చినవాళ్లలో ఉన్నాడా?"

"నేను చూడలేదు."

"పడిపోయినవాళ్లలో?"

కో తెయిన్ పెన్ను వైపు చూశాడు. "నేను చూడలేదు," అన్నాడు మళ్లీ. సారె మీద అతని భార్య చేతులు ఆగిపోయాయి. ఢిల్లేశ్వరరావు అది గమనించాడు. కానీ ఆ మాటే రాసుకుని పుస్తకం మూశాడు.

ఆ సాయంత్రమే వచ్చి చిన్నమ్మికి అంతా చదివి వినిపించాడు. ఆమె నులక మంచం కోడు పట్టుకుని నిలబడి విన్నది.

"సూసినాడా, సూడనేదా?"

"సూడనేదని సెప్పినాడు."

"నీకు అలగ సెప్పినాడు." ఆమె అతని చేతిలో పుస్తకం వైపు చూసింది. "ఆ మనిషి పేరేటి? ఏ ఊరు? ఎలగెల్లాల?"

అతను చెప్పాడు. రాధ ఫోన్లో రాసుకుంది.

"నానూ వొస్తాను. దారి కట్టం. రేవు దాటినాక..."

"ఒద్దు," అంది చిన్నమ్మి. "నువ్వుంటే ఆడు నీకు సెప్పిందే నాకూ సెప్తాడు."

తల్లీకూతుళ్లు ఆ ఆదివారం వెళ్లారని అతనికి తెలిసింది. ఏం విన్నారో తెలియలేదు. తాకేటా వెళ్లి అడిగే ధైర్యం అతనికి లేకపోయింది. తొమ్మిది రోజులు అలాగే గడిచాయి.

పదో రోజు పొద్దున్న తాకేటా అమ్మవారి గుడి చూసుకునే జగదీశ్వరరావు పప్పు కొనడానికి దుకాణానికి వచ్చాడు. కందిపప్పు ఆరు వీశెలు, మినప్పప్పు రెండు అన్నాడు. గుడిలో ఎవరిదో కార్యం ఉందని ధర్మరాజు గారితో చెబుతున్నాడు. ఎవరిదని ధర్మరాజు గారు అడిగారు. జగదీశ్వరరావు కాటా దగ్గర నిలబడ్డ మనిషిని చూసి కొంచెం తడబడ్డాడు.

"చిన్నమ్మి కొడుకుదండి. శవం లేదు గదా, దర్బబొమ్మ సేసి దహనం సేసినాం. రేపు బోజనాలు."

ఢిల్లేశ్వరరావు పప్పు తూచాడు. అంకె చదవకుండా కాటా దగ్గరే నిలబడిపోయాడు. ధర్మరాజు గారే లేచి వచ్చి కాటా చూసి రాసుకున్నారు. రాసినది కొట్టేసి, డబ్బు వద్దని జగదీశ్వరరావుకి సైగ చేశారు.

మర్నాడు అతను గుడికి వెళ్లాడు. పిలుపు లేదు. గేటు బయట, కొబ్బరి చిప్పలు పారేసే మూల దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి రాధ నీళ్ల బిందె తీసుకుని కుళాయికి వచ్చి అతన్ని చూసింది. వెళ్లిపోతుందనుకున్నాడు. బిందె కుళాయి కింద పెట్టి, నీళ్ల వైపు చూస్తూ మాట్లాడింది.

"కుండల పల్లెలో ఆయన అమ్మకి అంతా సెప్పినాడు మావయ్యా. వాగులో అన్నియ్యకి దెబ్బ తగిలితే ఈయనే ఒడ్డుకి ఈడ్సుకొచ్చినాడట. అప్పుడే ఈయన కాలు పోయిందట. పొద్దు పొడిసేదాకా బతికున్నాడట. అమ్మ పేరు సెప్పినాడట." బిందె నిండి పొర్లుతోంది. ఆ పిల్ల కుళాయి కట్టలేదు. "నీకెందుకు సెప్పనేదని అమ్మ అడిగింది. ఆ పెద్దాయన కాయితం మీద రాసుకుంటా ఉన్నాడు, అలగ రాసుకునేవోడికి ఎలగ సెప్పను అన్నాడట."

ఢిల్లేశ్వరరావు వంగి కుళాయి కట్టాడు. బిందె ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. లోపలికి తీసుకెళ్లి వంట దగ్గర దించాడు. అక్కడ ఎవరో గంగాళం దింపడానికి ఇంకో చెయ్యి కావాలన్నారు. పట్టాడు. విస్తళ్లు కడగమన్నారు. కడిగాడు. కొందరు అతన్ని చూసి మొహం తిప్పుకున్నారు.

భోజనాల బంతి చివర్న, అరుగు కింద కూర్చున్నాడు. చిన్నమ్మి పళ్లెం పట్టుకుని వరసలో ఒక్కొక్కరికీ వడ్డిస్తూ వస్తోంది. ఆమె వేళ్ల మీద ముడతలు ఆ రోజు ఆరిపోయి ఉన్నాయి. పదిరోజులుగా ఆమె ఐసు నీళ్లలో చెయ్యి పెట్టలేదు. అతని దగ్గరికి వచ్చి ఆగింది. అతను తల ఎత్తలేకపోయాడు. ఆమె వంగి అతని విస్తట్లో అన్నం పెట్టింది. పప్పు వేసింది. నెయ్యి కావాలా అని అడగలేదు, పక్కవాళ్లని మాత్రం అడిగింది. తర్వాత లోపలికి వెళ్లిపోయింది.

అతను ఒక్క మెతుకు కూడా వదలకుండా తిన్నాడు.